చీమలను చూసినవాళ్ళు

శ్రామిక చీమల నడతను గమనించడం తెలుగు నేల మీద శాస్త్రంగా మొదలు కాలేదు, సేద్యంలో భాగంగా మొదలైంది. వానల మీద ఆధారపడి చెలక దున్నుకునే రైతుకు ఆకాశం ఎంత ముఖ్యమో కాళ్ళ కింది నేలా అంతే ముఖ్యం. తెల్లటి గుడ్లను నోట కరుచుకుని చీమలు బారు కట్టి మెరకకు పోతుంటే వాన దగ్గర పడిందని ఊళ్ళలో చెప్పుకుంటారు. ఈ మాట చాలా పాతది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో, వెంటనే కురవబోయే వానకు గుర్తులు చెప్పే అధ్యాయంలో, ఏ ఆపదా లేకుండానే చీమలు గుడ్లను చోటు మార్చడం ఒక గుర్తు. ఆ షరతును పట్టించుకోవాలి. పుట్టను ఎవరైనా కదిపినా, నీళ్ళు పోసినా చీమలు ఎలాగూ గుడ్లు మోస్తాయి. ఆ సందర్భాలను తీసేసి మిగిలినవాటినే లెక్కపెట్టాలన్నది చీమలను కుదురుగా చూసినవారికే తట్టే ఆలోచన.

గుడ్లు అని పిలిచేవాటిలో నిజమైన గుడ్లు తక్కువ. చీమ గుడ్డు చాలా చిన్నది, కంటికి సరిగా ఆనదు. బారులో తెల్లగా, బియ్యపు నూకంత కనిపించేవి పిల్లపురుగులూ, కోశదశలో ఉన్న చీమలూ. వాటికి తగిన వెచ్చదనం, తగిన తేమ ఉండాలి. అందుకే శ్రామిక చీమలు వాటిని రోజూ పుట్టలోని ఒక గది నుంచి మరో గదికి మారుస్తూనే ఉంటాయి. పొద్దెక్కితే పై గదులకు తెస్తాయి, నేల కాగితే కిందికి దించుతాయి. నేలలో తేమ మారినప్పుడు ఇదే పని పుట్ట బయట, అందరికీ కనిపించేలా జరుగుతుంది. వాన గుర్తుగా రైతు చూసింది చీమల ఇంటిపనినే.

మడికొండ ఇలాంటి చూపుకు అనువైన చోటు. హైదరాబాద్–వరంగల్ దారి మీద, కాజీపేటకు దగ్గర్లో ఉన్న ఈ ఊరు ఇప్పుడు వరంగల్ నగరంలో కలిసిపోయింది. కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరుగా చాలామందికి తెలుసు. ఊరికి ఆనవాలు మెట్టుగుట్ట, దాని మీది రామలింగేశ్వరుడి గుడి, రాయి మీద రాయి పేర్చినట్టు నిలిచిన జంట శిలలు. శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదన్న సామెత వాడుకలో ఉన్న నేల ఇది. గుట్ట రాతి నెర్రెలు, కింది ఎర్రమట్టి, తుమ్మలు, మామిళ్ళు, ఇళ్ళ వంటగదులు వేర్వేరు రకాల చీమలకు నెలవులు. తుమ్మ మొదలెక్కే పెద్ద నల్ల గండుచీమ, పొట్ట మీద బంగారు నూగుతో మెరిసే దాని దగ్గరి చుట్టం, మామిడాకులను కుట్టి గూడు కట్టే ఎర్రచీమ, చెలకలో గింజలు పోగేసే చిన్న చీమ, చక్కెర డబ్బాను వెతుక్కుంటూ వచ్చే సన్న చీమ దక్కన్ పల్లెల్లో కనిపించేవే. పిల్లలు వీటిని కుట్టేవి, కుట్టనివి అని రెండుగా విడదీస్తారు. వాళ్ళ అవసరానికి ఆ వర్గీకరణ చాలు.

తెలుగువారి కథల్లో, శతకాల్లో చీమ తరచూ కనిపిస్తుంది కానీ అక్కడ దానికి ఎక్కువగా దక్కింది నీతి చెప్పే ఉద్యోగం. చలిచీమలు కలిసికట్టుగా పామును చంపుతాయని సుమతీ శతకం చెబుతుంది. బద్ధకస్తుడికి బుద్ధి చెప్పాలంటే పెద్దలు చీమనే చూపిస్తారు. వీటి నడుమ ఏడు చేపల కథ ఒక్కటి తేడాగా నిలుస్తుంది. ఆ కథలో చేప ఎండకపోవడానికి కారణం వెతుక్కుంటూ పోతే చివరికి తేలేది పిల్లవాడిని చీమ కుట్టిందని. ఎందుకు కుట్టావంటే చీమ చెప్పే కారణం, తన పుట్టలో వేలు పెట్టాడని. అందులో నీతి లేదు. ఆహారం కోసం బయట తిరిగే చీమ మనిషి ఎదురైతే పక్కకు తప్పుకుంటుంది, అదే చీమ గూడు దగ్గర ప్రాణాలకు తెగించి కరుస్తుంది. కథ అల్లినవారెవరో ఆ తేడా కనిపెట్టారు.

పుట్ట విషయంలో మాత్రం జనం మాటలో పొరపాటుంది. చీమలు పెట్టిన పుట్టల్లో పాములు చేరతాయని సుమతీ శతకమే మరోచోట అంటుంది. పొలాల్లో మనిషి ఎత్తు లేచే మట్టిపుట్టలు చీమలవి కావు, చెదలవి. చెదలకు దగ్గరి బంధువు బొద్దింక. నాగుల పండుగకు పాలు పోసే పుట్టలు కూడా ఎక్కువగా చెదలు కట్టినవే. బృహత్సంహిత ఇక్కడా ముందే ఉంది: భూమిలో నీటి జాడ చెప్పే అధ్యాయంలో పుట్టలను చెట్లతో కలిపి గుర్తులుగా వాడుకుంది. దక్షిణాదిన చెదలను శాస్త్రీయంగా వర్ణించిన తొలివారిలో ఒకడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. డేనిష్ వారి స్థావరం తరంగంబాడికి 1768లో వైద్యుడిగా వచ్చి, తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. తంజావూరు ప్రాంతపు చెదల గురించి ఆయన రాసిన వ్యాసం 1779లో అచ్చయింది. 1785లో, నేటి కాకినాడలో భాగమైన జగన్నాథపురంలో ఆయన చనిపోయాడు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నది సామర్లకోటలో మొక్కలు పెంచుతూ, వర్ణిస్తూ గడిపిన విలియం రాక్స్‌బరో.

కోనిగ్ సేకరించి పంపిన పురుగులను ఐరోపాలో వర్ణించినవాడు డెన్మార్క్‌కు చెందిన ఫాబ్రీషియస్. మామిడి చెట్టు ఎర్రచీమకు 1775లో, గండుచీమకు 1787లో శాస్త్రనామాలు పెట్టింది ఆయనే. అయితే ఫాబ్రీషియస్ చూసింది సూదికి గుచ్చిన చీమను. అది ఏ వేళకు బయటికొస్తుందో, ఏం మోస్తుందో, తోటి చీమ ఎదురైతే ఏం చేస్తుందో ఆ పెట్టెలో కనిపించదు. బతికున్న చీమ నడతను కాగితం మీద పెట్టే పని మరో యాభై ఏళ్ళ తర్వాత దక్కన్‌లోనే జరిగింది.

ఆ పని చేసింది కర్నల్ విలియం హెన్రీ సైక్స్. బొంబాయి ప్రెసిడెన్సీలో పుణె కేంద్రంగా లెక్కలు, సర్వేలు చేసిన సైనికాధికారి ఆయన. ఒక ఉదయం నడకలో, కవాతు మైదానం దగ్గరి బీడులో గడ్డిగింజల చిన్న చిన్న కుప్పలు ఇరవైకి పైగా కనిపించాయి. ఒక్కో కుప్పలో పిడికెడు గింజలు. వంగి చూస్తే వందలాది చీమలు నేలలోపలి గాదె నుంచి గింజలను పైకి తెచ్చి పోస్తున్నాయి. తొలకరికి గింజలు తడిసి ఉంటాయని, మొదటి ఎండ కాయగానే ఆరబోస్తున్నాయని సైక్స్ తేల్చాడు. ఆ గడ్డి పండేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో, అంటే ఆ నిల్వ అప్పటినుంచీ ఉన్నదే. ఆ చీమకు ఆయన పెట్టిన పేరులోనే ముందుచూపు అన్న అర్థం ఉంది. నేటి వర్గీకరణలో అది ఫీడోల్ ప్రజాతికి చెందింది.

1830ల్లో అచ్చయిన ఈ సంగతి ఐరోపాలో పెద్ద వాదానికి ముడిపడింది. చీమ ధాన్యం దాచుకుంటుందని బైబిల్, గ్రీకు రచనలు చెప్పేవి. ఫ్రాన్స్, ఇంగ్లండ్, స్విట్జర్లాండ్‌లలో చీమలను చూసిన శాస్త్రజ్ఞులు అది కట్టుకథ అన్నారు. తమ దేశపు చీమలు శీతకాలమంతా మొద్దు నిద్రలో ఉంటాయి కనుక వాటికి గాదె అవసరమే లేదు. ప్రాచీనులు పిల్లపురుగులను చూసి గింజలనుకున్నారని కూడా తీర్మానించారు. వాళ్ళు తమ పెరటి చీమను ప్రపంచపు చీమ అనుకున్నారు. 1873లో జాన్ ట్రెహర్న్ మొగ్రిడ్జ్ దక్షిణ ఫ్రాన్స్‌లోని మాంటన్‌లో గింజల గదులను తవ్వి చూపించాక వాదం ముగిసింది. మొగ్రిడ్జ్ తన పుస్తకంలో భారతదేశపు సాక్ష్యాలను కూడా పేర్కొన్నాడు. దక్కన్‌లో చెలక చివర కూర్చున్న ఎవరికైనా ఆ వాదం వింతగా తోచి ఉండేది. అక్కడ చీమల కన్నం చుట్టూ వలయంగా పోసిన పొట్టు చూస్తేనే లోపల ధాన్యం ఉందని తెలుస్తుంది. చీమలు గింజను లోపల పొట్టు తీసి, పొట్టును బయట పారేస్తాయి. మొలకెత్తబోయే గింజ మొలకను కొరికేస్తాయి.

సైక్స్ ఇంట్లోనే జరిగిన మరో సంగతి తెలుగు వంటగదులకు బాగా తెలిసినది. మిఠాయిలు, పండ్లు పెట్టిన బల్లకు చీమలు పట్టకుండా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టించాడు. చీమలు నీటిని దాటి వచ్చాయి. బల్లను గోడకు కాస్త దూరం జరిపించాడు. అప్పుడు చీమలు గోడ మీద బల్ల కంటే పైకి ఎక్కి, అక్కడి నుంచి మిఠాయిల మీదికి రాలాయి. ఒక చీమ అలా ఎక్కి దూకడం ఆయన కళ్ళారా చూసి రాసుకున్నాడు. నీళ్ళ పళ్ళెంలో బెల్లం డబ్బా పెట్టడం, గడప మీద పసుపు చల్లడం, ఇటీవలి కాలంలో లక్ష్మణరేఖ చాక్‌పీసు గీయడం ఆ పాత పోరు కొనసాగింపే. అలా చీమలను తరిమే ఇల్లాలే పొద్దున వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు పెట్టి ఆ చీమలకే మేత వేస్తుంది.

బారును అడ్డంగా చెరిపితే చీమలు తడబడడానికి కారణం దారి వాసన. స్విట్జర్లాండ్‌కు చెందిన చార్లెస్ బోనే 18వ శతాబ్దంలోనే చీమల బారుకు అడ్డంగా వేలితో రుద్ది, అవి అక్కడికి రాగానే ఆగిపోవడం గమనించాడు. ఇదే ప్రయోగం చేయని తెలుగు పిల్లలు తక్కువ. ఆ వాసన ఎక్కడిదో తేలడానికి 20వ శతాబ్దం కావాల్సి వచ్చింది. 1959లో ఎడ్వర్డ్ విల్సన్ నిప్పుచీమ పొట్ట చివర ఉండే ఒక చిన్న గ్రంథి రసంతో గీత గీస్తే తోటి చీమలు ఆ గీత వెంటే పోయాయి. అయితే అన్ని చీమలూ బారు కట్టవు. బంగారు నూగు గండుచీమ ఆహారం దొరికితే గూటికి వెళ్ళి ఒక్క తోడును వెంటబెట్టుకు వస్తుంది. వెనక చీమ ముందు చీమ పొట్టను మీసాలతో తడుముతూ ఉంటుంది, ఆ తాకిడి ఆగితే ముందుది ఆగి ఎదురుచూస్తుంది. ఈ జంట నడకను 1974లో హోల్‌డోబ్లర్ బృందం వివరంగా వర్ణించింది. పనిమీద పోతున్న మనిషికి అవి ఊరికే తిరుగుతున్న రెండు చీమలు.

తెలుగు నేలకు మరింత దగ్గరివాడు థామస్ జెర్డన్. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చి 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. పక్షుల మీద రాసిన పుస్తకాలతో పేరొందిన జెర్డన్‌కు నెల్లూరు అడవుల సంగతులు చెప్పిన గురువులు యానాదులు. పామును, పిట్టను, తేనెపట్టును జాడ పట్టి బతికే ఆ జనానికి ప్రకృతి శాస్త్రం బతుకుతెరువు. దక్షిణ భారతపు చీమల జాబితాను జెర్డన్ 1851లో మద్రాసులో అచ్చువేశాడు. చెట్ల మొదళ్ళ మీద తిరిగే, కుడితే మంట అంత తేలిగ్గా చల్లారని ఎరుపు నలుపు చీమకు, మలబారులో చూసిన దూకుడు చీమకు శాస్త్రనామాలు పెట్టింది ఆయనే. గూళ్ళు, తిండి, కుట్టే తీరు కూడా రాయడం ఆ జాబితా విలువ. ఆ దూకుడు చీమ, హార్పెగ్నాథోస్ సాల్టేటర్, ఇప్పుడు అమెరికా ప్రయోగశాలల్లో పెరుగుతోంది. 2010లో జన్యుపటం పూర్తిగా చదివిన తొలి చీమల్లో అదొకటి. ఆ జాతి గూటిలో రాణి చనిపోతే శ్రామిక చీమలే పోటీపడి, గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. అప్పుడు వాటి మెదడు కుంచించుకుపోతుంది. మళ్ళీ పాత పనికి మళ్ళిస్తే మెదడు తిరిగి పెరుగుతుందని 2021లో తేలింది.

జెర్డన్ తర్వాతి తరంలో అటవీ అధికారి రాబర్ట్ రాటన్ 1892లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భారతీయ చీమల మీద రాశాడు. చార్లెస్ బింగమ్ 1903లో బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో చీమల సంపుటం తెచ్చాడు. తెలంగాణ అప్పుడు నిజాం రాజ్యం, ఈ ఉద్యోగుల తిరుగుడు ఎక్కువగా కంపెనీ, బ్రిటిష్ ప్రాంతాల్లో సాగింది.

మామిడి ఎర్రచీమ గూడు కట్టే తీరు చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. ఆకుల అంచులను పట్టుకుని శ్రామిక చీమలు వరుసగా నిలబడి లాగుతాయి, ఎడం ఎక్కువైతే ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసు కడతాయి. అంతవరకు అందరూ చూశారు. అంచులను కలిపే తెల్లటి పట్టు ఎక్కడిదన్నదే ప్రశ్న, పెద్ద చీమలకు పట్టు గ్రంథులు లేవు. పట్టు వచ్చేది పిల్లపురుగు నోటి నుంచి అని 19వ శతాబ్దం చివర సింగపూర్‌లో, సింహళంలో చూసినవారు రాశారు. శ్రామిక చీమ పిల్లపురుగును నోట పట్టుకుని ఈ ఆకు అంచుకు తాకించి, ఆ ఆకు అంచుకు తాకించి, మగ్గం మీద నాడెలా అటూ ఇటూ ఆడిస్తుంది. టెక్స్‌టైల్ పార్కు ఉన్న మడికొండలో ఈ పని చూపించడం సులువు, మామిడి కొమ్మ మీది గూటి ఆకును కాస్త విప్పి సాయంత్రం వరకు ఆగితే మరమ్మతు కనిపిస్తుంది. చేతులకు కాట్లు మాత్రం తప్పవు. గోదావరికి అవతల బస్తర్‌లో ఈ చీమలతో పచ్చడి చేసుకుంటారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఈ చీమ మీద భారతీయుడి చేత జరిగిన గొప్ప పరిశీలన కలకత్తా బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన గోపాలచంద్ర భట్టాచార్యది. పెద్ద డిగ్రీలు లేని ఆయన గంటల తరబడి చెట్ల కింద గడిపి, పిల్లపురుగు రాణి అవుతుందా శ్రామిక చీమ అవుతుందా అన్నది తినే తిండిని బట్టి ఉంటుందని చెప్పాడు. బెంగాలీలో రాసిన పురుగుల పుస్తకానికి 1975లో రవీంద్ర పురస్కారం అందుకున్నాడు. మాతృభాషలో అలాంటి పుస్తకం ఉండడం బెంగాలీల అదృష్టం.

ఒక్కో చీమను గుర్తుపట్టనంతకాలం చీమలన్నీ ఒకేలా కష్టపడుతున్నట్టు కనిపిస్తాయి. ఇంగ్లండ్‌లో జాన్ లబక్ చీమల మీద చుక్క రంగు పెట్టి విడివిడిగా లెక్కించి 1882లో పుస్తకం రాశాడు. ఆ పద్ధతితోనే డెబొరా గోర్డన్ 1980ల నుంచి అరిజోనా ఎడారిలో గింజల చీమలను ఏళ్ళ తరబడి చూసింది. ఆరుబయట తిరిగే శ్రామికుల్లో దారి చూసివచ్చేవి, మేత తెచ్చేవి, గూటి మట్టి ఎత్తేవి, చెత్త సర్దేవి వేరువేరని, అవసరం పడితే కొన్ని పని మారతాయని, ఎవరి ఆజ్ఞా లేకుండా ఎదురుపడే తోటి చీమల సంఖ్యను బట్టి ఇది జరుగుతుందని తేల్చింది. గూటిలో లేతవయసు చీమలు పిల్లలను సాకుతాయి, ముదిరినవి బయటికొస్తాయి. దారిలో మనకు కనిపించే చీమలు దాదాపు అన్నీ ముసలివే.

చీమలా కష్టపడమనే పెద్దలకు ఇబ్బంది కలిగించే లెక్కలూ వచ్చాయి. నిప్పుచీమలు సొరంగం తవ్వేటప్పుడు 70 శాతం పనిని 30 శాతం చీమలే చేస్తాయని 2018లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు చూపారు. మిగిలినవి వచ్చి, ఇరుకు చూసి, వెనుదిరుగుతాయి. అందరూ దూరితే దారి మూసుకుపోయి పనే ఆగిపోతుంది.

మడికొండ తుమ్మ మీది గండుచీమకు ఇంకా దగ్గరి పరిశోధన బెంగళూరులో జరిగింది. జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో వి.కె. శర్మ, ఎం.కె. చంద్రశేఖరన్ బృందం గండుచీమలను ఒక్కొక్కటిగా పెట్టి పగలు రాత్రి నడకను నమోదు చేసి 2004లో ఫలితాలు ప్రకటించింది. ఒకే గూటిలో పెద్ద, నడిమి, చిన్న శ్రామికులు ఉంటాయి. పెద్దవి రాత్రి తిరిగేవి. నడిమివాటిలో సుమారు 75 శాతం రాత్రివి, 25 శాతం పగటివి. చిన్నవాటికి వేళాపాళా కనిపించలేదు. గుడ్లు పెట్టే రోజుల్లో రాణికీ వేళ లేదు. ఒకే పుట్టలో ఇన్ని గడియారాలు నడుస్తుంటే, పగలు మాత్రమే చూసి గండుచీమ గురించి తీర్పు చెప్పడం పొరపాటు. తుమ్మ కొమ్మల మీద రసం పీల్చే చిన్న ముళ్ళ పురుగులను ఈ చీమలు కాపలా కాసి, అవి విసర్జించే తియ్యటి చుక్కలను తాగుతాయి.

2016లో వచ్చిన జాబితా ప్రకారం భారతదేశంలో 828 జాతులు, ఉపజాతుల చీమలు, 100 ప్రజాతులు ఉన్నాయి. వాటికి పేర్లున్నాయి, దినచర్య తెలిసినవి కొద్ది. ఆ దినచర్యను నమోదు చేయడానికి సూక్ష్మదర్శిని అక్కరలేదు. గడియారం, నోటు పుస్తకం, చుక్క పెట్టడానికి కాస్త రంగు ఉంటే చాలు. మడికొండ బడిపిల్లలు తొలకరి తర్వాత మొదటి ఎండకు గుట్ట కింది చెలకల్లో గింజల కుప్పల కోసం వెతకాలి, చీకటి పడ్డాక టార్చిలైటుకు ఎర్ర కాగితం చుట్టి తుమ్మ మొదలును చూడాలి, చూసింది తేదీ వేసి తెలుగులోనే రాసిపెట్టాలి.